భోగాపురంలో విమానం దిగింది.. ఉద్యోగం ఏ గేటు దగ్గర?

గత నెలలో రేపల్లె నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో పోస్టర్ పంపాడు. విమానం బొమ్మ, దాని పక్కన మెడలో స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయి, పైన ఎర్రటి అక్షరాల్లో ‘భోగాపురం ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్‌లో భారీగా ఉద్యోగాలు’. టెన్త్ నుంచి డిగ్రీ దాకా ఎవరైనా అర్హులే. అనుభవం అక్కర్లేదు. పరీక్ష లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం 1,850 రూపాయలు. ‘అన్నా, ఇది నిజమేనా? ఇవాళే లాస్ట్ డేట్ అంట’ అని కింద మెసేజ్. వెంటనే ఫోన్ చేశా. అప్పటికే ఫోన్‌పే కొట్టేశాడు. నిజమా కాదా అనే డౌట్ డబ్బులు కట్టాక వచ్చిందన్నమాట.

వాణ్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఇలాంటి పని నేనూ చేశా. అది తర్వాత చెప్తా. ముందు ఎయిర్‌పోర్ట్ సంగతి చూద్దాం. ఎందుకంటే పోస్టర్ అబద్ధమైనా ఎయిర్‌పోర్ట్ నిజం. తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో ఇప్పుడు చాలామంది దాని గురించే అడుగుతున్నారు.

ఈ ఏడాది జనవరి 4న ఢిల్లీ నుంచి వచ్చిన ఎయిరిండియా విమానం భోగాపురం రన్‌వే మీద దిగింది. అందులో పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు ఉన్నారు. టీవీల్లో చూసే ఉంటారు. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఈ విమానాశ్రయం విజయనగరం జిల్లాలో, విశాఖ నుంచి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. సుమారు 2,200 ఎకరాలు. 3,800 మీటర్ల రన్‌వే. మొదటి దశలో ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులకు సరిపోయేలా కట్టారు. కట్టింది జీఎంఆర్. ఆర్కే బీచ్, కైలాసగిరి, అరకు చూడటానికి దేశం నలుమూలల నుంచి జనం వచ్చే ఊరికి ఇన్నాళ్లూ సొంతంగా పౌర విమానాశ్రయం లేదంటే కొందరు నమ్మరు. ఇప్పుడు విమానాలు దిగుతున్నది నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగా స్థావరంలో. రన్‌వే వాళ్లది, వేళలూ వాళ్లు చెప్పినట్టే. వాళ్ల యుద్ధ విమానాలు ఎగిరే సమయంలో మన విమానం ఆగాల్సిందే. కాబట్టి కొత్త ఎయిర్‌పోర్ట్ అవసరమా అన్న చర్చలోకి నేను వెళ్లను. అవసరమే. నా పేచీ అంతా ‘వేల ఉద్యోగాలు’ అనే మాటతోనే.

ఒక చిన్న లెక్క చూడండి. విశాఖ పాత విమానాశ్రయానికి ఏడాదికి వచ్చే ప్రయాణికులు 30 లక్షల లోపే. పౌర విమానాలన్నీ భోగాపురానికి మారాలన్నదే ప్రణాళిక. అంటే మొదటి రోజున అక్కడ కౌంటర్లో నిలబడేవాళ్లలో చాలామంది నిన్నటిదాకా విశాఖ కౌంటర్లో నిలబడ్డవాళ్లే. అదే ఎయిర్‌లైన్, అదే లోడర్, అదే సూపర్‌వైజర్, కొత్త చిరునామా. భవనం కొత్తది కావచ్చు, అందులోని ఉద్యోగాలన్నీ కొత్తవి కావు. కొత్తవి వస్తాయి, కాదనను. ప్రయాణికులు పెరిగేకొద్దీ నెమ్మదిగా వస్తాయి. ‘ప్రారంభోత్సవం నాటికే 5 వేల మంది కావాలి’ అని ఎవరైనా చెప్తే మాత్రం ఎవరు తీసుకుంటారు, ఏ కంపెనీ, ఏ పోస్టు అని అడగండి. అక్కడే సగం మంది ఫోన్ పెట్టేస్తారు.

అసలు ‘ఎయిర్‌పోర్ట్ ఉద్యోగం’ అనేది ఒకటి లేదు. మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇదే. ఎయిర్‌పోర్ట్ అంటే ఒక కంపెనీ కాదు, సంతలాంటిది. ఒకే కప్పు కింద పది పదిహేను సంస్థలు ఉంటాయి, ఎవరి కొట్టు వాళ్లది. భవనం, రన్‌వే నడిపేది జీఎంఆర్. విమానానికి దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ప్రైవేటు ఎయిర్‌పోర్ట్‌లో కూడా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగే. మన బ్యాగు చూసే జవాన్లు సీఐఎస్‌ఎఫ్. పాస్‌పోర్ట్ మీద ముద్ర వేసేది ఇమిగ్రేషన్ వాళ్లు, వాళ్లు కేంద్ర హోం శాఖ కిందికి వస్తారు. కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ కావాలంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ రాయాలి. బోర్డింగ్ పాస్ ఇచ్చే కుర్రాడు ఎయిర్‌లైన్ మనిషి, లేదంటే గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీ మనిషి. కాఫీ అమ్మే అమ్మాయి ఇంకో కంపెనీ. తుడిచేవాళ్లు వేరే కాంట్రాక్టర్. ఇందులో ఏ ఒక్కరి ఉద్యోగమూ ఇంకొకరు ఇప్పించలేరు. ‘ఎయిర్‌పోర్ట్‌లో మావాడు ఉన్నాడు, పెట్టిస్తాడు’ అనేవాళ్లు కనిపిస్తే ఈ పేరా చదివి వినిపించండి.

ఇప్పుడు నా కథ. 2019లో బీటెక్ అయ్యాక నేను విజయవాడలో ఒక ఏవియేషన్ ట్రైనింగ్ సెంటర్లో చేరా. పేరు అనవసరం, ఇప్పుడది లేదు కూడా. 3 నెలల ‘ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్’ కోర్సు, 48 వేలు. నాన్న చిట్టీ పాడి కట్టారు. టై కట్టుకోవడం, చేతులు జోడించి నవ్వడం, ఏ ఊరి ఎయిర్‌పోర్ట్‌కి ఏ మూడక్షరాల కోడ్ ఉంటుందో బట్టీ పట్టడం, ఇదీ చదువు. ‘100 శాతం ప్లేస్‌మెంట్’ అంటే ఉద్యోగం అనుకున్నాం. వాళ్ల లెక్కలో ప్లేస్‌మెంట్ అంటే ఒక హోటల్ హాల్లో ఇంటర్వ్యూ. నా బ్యాచ్‌లో ఒక అమ్మాయికి హైదరాబాద్‌లో గ్రౌండ్ స్టాఫ్‌గా వచ్చింది. చేతికి 17 వేలు, రాత్రి షిఫ్టులు, రూమ్ అద్దె 7 వేలు. నా వంతు వచ్చేలోపు 2020 మార్చి వచ్చింది. దేశంలో విమానాలన్నీ నేల మీద ఆగిపోయాయి. మళ్లీ మే 25న దేశీయ సర్వీసులు మొదలయ్యాయి కానీ నా ఇంటర్వ్యూ మాత్రం మళ్లీ మొదలవలేదు. నేను కోడింగ్ వైపు వెళ్లిపోయా.

నన్ను ఇంకా బాధపెట్టేది ఆ 48 వేలు కాదు. ఆ అమ్మాయి ఉద్యోగానికి కూడా ఆ సర్టిఫికెట్ అవసరం లేదని తర్వాత తెలిసింది. ఎయిర్‌లైన్ వాళ్లు అడిగింది డిగ్రీ లేదా ఇంటర్, ఇంగ్లిష్, హిందీ మాట్లాడటం, షిఫ్టులకు సిద్ధంగా ఉండటం. మిగతాది చేరాక వాళ్లే నేర్పుతారు. పెద్ద ఎయిర్‌లైన్స్ తమ కెరీర్ పేజీల్లోనే ‘ఉద్యోగానికి మేం డబ్బు తీసుకోం’ అని రాసి పెట్టాయి. మనం ఆ పేజీ తెరవం, పోస్టర్ తెరుస్తాం.

ఆ అమ్మాయి చేసిన పనిని చిన్నచూపు చూడటం లేదండీ. గ్రౌండ్ స్టాఫ్ పని కష్టమైన పని, అందులోంచి పైకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ మెట్టు కూడా సన్నబడుతోంది. 2022 డిసెంబర్‌లో డిజియాత్ర మొదలైంది, మరుసటి ఏడాదికి గన్నవరం కూడా వచ్చేసింది. ముఖం చూపించి లోపలికి వెళ్తున్నాం, ఫోన్లో చెకిన్ చేస్తున్నాం, బ్యాగు ట్యాగు మెషీన్లో తీసుకుంటున్నాం. ఒక్కో మెషీన్ వచ్చినప్పుడల్లా కౌంటర్ వెనక ఒక కుర్చీ తగ్గుతోంది. అయితే ఆ మెషీన్ ఆగిపోయినప్పుడు పరిగెత్తేవాళ్లు కావాలి కదా? ఇంజినీరింగ్ చదివేవాళ్లు చూడాల్సిన వైపు అది.

బ్యాగులు కన్వేయర్ బెల్టు మీద తిరిగి సరైన విమానం దగ్గరికి ఎలా వెళ్తాయో ఎప్పుడైనా ఆలోచించారా? అదంతా సెన్సర్లు, మోటార్లు, పీఎల్‌సీ ప్రోగ్రామ్‌ల పని. మన ఈఈఈ, ఈసీఈ సిలబస్‌లో ఉన్నదే, ల్యాబ్‌లో రికార్డు కాపీ కొట్టి వదిలేసిందే. రన్‌వే లైట్లు, ఏరోబ్రిడ్జిలు, టెర్మినల్ ఏసీ మొత్తాన్ని నడిపే కంట్రోల్ వ్యవస్థ, ఏ విమానం ఏ గేటుకు వస్తుందో అన్ని స్క్రీన్లకూ చెప్పే డేటాబేస్, ఇవన్నీ 24 గంటలూ ఎవరో ఒకరు కాపాడాల్సినవి. ఈ మనుషుల్ని ఎయిర్‌పోర్ట్ పేరుతో పిలవరు. ఆ సిస్టమ్ అమ్మిన కంపెనీయో, మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ తీసుకున్న కంపెనీయో తీసుకుంటుంది. అందుకే ‘ఎయిర్‌పోర్ట్ జాబ్స్’ అని వెతికితే దొరకవు. ఇంకో మాట, పీఎల్‌సీ నేర్చుకున్నవాడికి భోగాపురంలో పని దొరక్కపోయినా శ్రీసిటీలో దొరుకుతుంది. నవ్వుతూ నమస్కారం పెట్టడం నేర్చుకున్న నాకు ఎక్కడా దొరకలేదు.

విమానం రిపేరు చేయాలని కోరిక ఉంటే అది వేరే దారి. ఏరోనాటికల్ బీటెక్ చేస్తే విమానం రిపేరు చేయొచ్చని చాలా ఇళ్లలో అనుకుంటారు. చేయలేరు. రిపేరు చేసిన విమానం ఎగరడానికి సిద్ధంగా ఉందని సంతకం పెట్టాలంటే డీజీసీఏ ఇచ్చే మెయింటెనెన్స్ ఇంజినీర్ లైసెన్స్ ఉండాలి. దానికి పరీక్షలు వేరు, ప్రాక్టికల్ అనుభవం వేరు, శిక్షణ ఇచ్చే సంస్థకు డీజీసీఏ అనుమతి ఉండాలి. ఫీజు కట్టేముందు డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు ఉందో లేదో చూడండి. రెండు నిమిషాల పని.

ఇక మనవాళ్లు అసలు పట్టించుకోని గేటు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ. దీనికి భోగాపురంతో సంబంధం లేదు, దేశమంతటికీ కలిపి తీస్తారు. 2025లో గేట్ స్కోరుతో జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులు 976 తీశారు. అందులో ఎలక్ట్రానిక్స్ ఒక్కదానికే 527. అదే ఏడాది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు 309. మూల వేతనం 40 వేల నుంచి మొదలవుతుంది, దాని మీద డీఏ, అలవెన్సులు. ఏటీసీ పోస్టుకు బీటెక్కే కావాలని లేదు. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో మూడేళ్ల రెగ్యులర్ బీఎస్సీ చాలు. బీటెక్ అయితే ఏ బ్రాంచ్ అయినా పర్లేదు, ఏదో ఒక సెమిస్టర్‌లో ఆ రెండు సబ్జెక్టులు ఉండాలి. కంప్యూటర్ పరీక్ష, తర్వాత వాయిస్ టెస్ట్, సైకలాజికల్ టెస్ట్, మెడికల్. ఇంగ్లిష్ స్పష్టంగా మాట్లాడగలగాలి. మన ఊళ్ల డిగ్రీ కాలేజీల్లో బీఎస్సీ చదివే పిల్లలు ‘ఇంక బీఈడీ తప్ప దారి లేదు’ అనుకుంటూ కూర్చుంటారు. ఈ దారి గురించి ఒక్క లెక్చరర్ అయినా క్లాసులో చెప్తే బాగుండు.

కానీ ఇక్కడ ఒక ముల్లు ఉంది. గరిష్ఠ వయసు 27. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది, నాలాంటి జనరల్ కేటగిరీ వాడికి ఉండదు. భోగాపురం అనే మాట నేను మొదటిసారి విన్నది 2015లో, ఇంటర్ అయిపోతున్నప్పుడు. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ చేశారు. మొన్న జనవరిలో మొదటి విమానం దిగేసరికి నాకు 28. అది వచ్చాక చూద్దాంలే అనుకుంటూ కూర్చున్నవాడికి విమానం కనిపించేసరికి ఆ గేటు మూసేశారు. ఇది మీకు జరగకూడదనే ఇంత రాస్తున్నా.

దగ్గర్లో ఉన్న గన్నవరాన్నే చూడండి, తెనాలి నుంచి గంటన్నర. 2017లో దానికి ఇంటర్నేషనల్ హోదా వచ్చినప్పుడు స్వీట్లు పంచుకున్నాం. 2018 డిసెంబర్‌లో సింగపూర్ విమానం మొదలైంది, ఖాళీ సీట్ల నష్టం భరిస్తానని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంటేనే. 2019లో ఆగిపోయింది. మళ్లీ వచ్చింది 2025 నవంబర్‌లో. బోర్డు మీద ‘ఇంటర్నేషనల్’ అని రాయడం తేలిక, విమానంలో మనుషుల్ని నింపడం కష్టం. మనుషులు నిండితేనే ఉద్యోగాలు.

విశాఖకు సరిగ్గా పోలే ఊరు గోవా. అక్కడా పాత దబోలిం విమానాశ్రయం నౌకాదళానిదే. అక్కడా 2023 జనవరిలో మోపాలో కొత్తది మొదలైంది, కట్టింది అదే జీఎంఆర్. స్థానిక యువతకు శిక్షణ ఇచ్చే కేంద్రం కూడా పెట్టారు. అయితే మోపా తెరిచాక ఆ పక్క పెర్నెం తాలూకా కుర్రాళ్లు రోడ్డెక్కింది దేనికో తెలుసా? టాక్సీ స్టాండ్ కోసం. టెర్మినల్ బయట తమ టాక్సీలకు చోటు, కౌంటర్ కావాలని పోరాడారు. పర్యాటక ఊరి ఎయిర్‌పోర్ట్‌లో మామూలు మనిషికి దొరికే అసలు బతుకుతెరువు టెర్మినల్ లోపల కాదు, బయటే ఉందని వాళ్లకు అర్థమైంది. కారు, గది, భోజనం, గైడు. విశాఖలోనూ అదే జరుగుతుందని నా అంచనా. బాపట్లలో సూర్యలంక బీచ్ దగ్గర శని, ఆదివారాలు ఆటో నడిపే అన్నలకు ఈ లెక్క నాకంటే బాగా తెలుసు.

బయట అంటే టాక్సీలే కాదు. రేపల్లె, నిజాంపట్నం వైపు వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మన చెరువుల్లో పెరిగే వనామీ రొయ్యకు సీడ్ ఇచ్చే బ్రూడర్లు అమెరికా లాంటి చోట్ల నుంచి విమానంలోనే వస్తాయి. చెన్నైలో దిగి, అక్కడి క్వారంటైన్ కేంద్రంలో ఉండి, ఆ తర్వాత మన తీరం హేచరీలకు చేరతాయి. అంటే ఎయిర్ కార్గో అన్నది మన చెరువు గట్టుకు కొత్తేం కాదు. బతికున్న సరుకును గంటల లెక్కన దించడం, పత్రాలు, ఉష్ణోగ్రత, కస్టమ్స్ క్లియరెన్స్, ఈ పని తెలిసినవాళ్లు తక్కువ. ఫిషరీస్, బయాలజీ చదివినవాళ్లకు ఇది చదువుకు దగ్గరి పని. కార్గో గురించి మాట్లాడితే మా బంధువులు ‘మూటలు మోసే పనా’ అంటారు. అననివ్వండి.

ఇప్పుడు అసలు మాట. ఈ గందరగోళానికి కుర్రాళ్లను మాత్రమే తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. సభల్లో వేల ఉద్యోగాలు అని చెప్పేటప్పుడు ఏ సంస్థలో, ఏ అర్హతకు, పర్మినెంటా కాంట్రాక్టా అని ఎవరూ చెప్పరు. ఆ ఖాళీ జాగాలోకే దొంగ పోస్టర్లు వస్తాయి. ఎయిర్‌పోర్ట్‌లో పనిచేయబోయే సంస్థలన్నిటి పేర్లు, వాటి నియామకాల పేజీల అడ్రస్‌లు, ‘ఎవరికీ డబ్బు కట్టొద్దు’ అనే ఒక్క వాక్యం తెలుగులో ఒకే చోట పెడితే చాలు. పెద్ద ఖర్చేం కాదు. ఒక వారం ఇస్తే ఆ వెబ్ పేజీ నేనే చేసిస్తా, ఫ్రీగా.

ఆ జాబితాలో స్థానికుల వాటా కూడా రాయాలి. ఈ రన్‌వే కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లకు ఊళ్లే లేచి వేరే చోటికి వెళ్లాయి. మొదట 15 వేల ఎకరాలు అన్నారు, రైతులు ఎదురు తిరిగారు, చివరికి విస్తీర్ణం తగ్గింది కానీ ఈ ఊళ్లు మాత్రం మిగల్లేదు. లోపల దొరికే మొదటి ఉద్యోగాలు ఆ ఇళ్ల పిల్లలకు రావాలి. తెనాలి నుంచి జన్మభూమి ఎక్కి వెళ్లే మనం వాళ్ల వెనక లైన్లో నిలబడాలి. ఈ మాట మన ఊళ్లో కొందరికి నచ్చదని తెలుసు. మన పొలంలో రన్‌వే వేసి, కౌంటర్లో పక్క జిల్లా వాళ్లను కూర్చోబెడితే మనం ఊరుకుంటామా?

రాష్ట్ర ప్రభుత్వం, జీఎంఆర్, మాన్సాస్ కలిసి భోగాపురం దగ్గర విమానయాన విద్యా నగరం పెడతామని డిసెంబర్‌లో ఒప్పందం చేసుకున్నారు. మంచిదే. అది భవనాలయ్యి, కోర్సులయ్యి, బయటికి బ్యాచ్‌లు రావడానికి ఏళ్లు పడుతుంది. ఇప్పుడు ఫైనల్ ఇయర్లో ఉన్నవాళ్లు దాని కోసం ఆగితే నా కథే మళ్లీ.

చిన్న జాగ్రత్త ఒకటి మర్చిపోయా. ఏ సంస్థలో చేరినా, చివరికి హౌస్‌కీపింగ్ అయినా, ఎయిర్‌పోర్ట్ లోపలికి వెళ్లే పాస్ కోసం పోలీసు వెరిఫికేషన్ తప్పదు. కాలేజీ గొడవల్లో కేసు పడితే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఉంటారు. ఇక్కడ అడ్డం పడుతుంది. సర్టిఫికెట్లలో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉన్నవాళ్లు ఇప్పుడే సరిచేయించుకోండి.

రేపల్లె తమ్ముడి విషయానికొస్తే, ఇద్దరం కలిసి 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. డబ్బులు ఇంకా రాలేదు. ఫిర్యాదు వివరాలు రాసుకుంటుంటే ‘ఏం చదువుతున్నావు’ అని అడిగా. బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్, ఫైనల్ ఇయర్ అన్నాడు. వయసు 21. ఏటీసీకి సరిపోయే చదువు చేతిలో పెట్టుకుని, లేని ఉద్యోగానికి 1,850 కట్టాడు. పాత నోటిఫికేషన్ పీడీఎఫ్ పంపి, సిలబస్ చదవమన్నా. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ‘అన్నా, వాయిస్ టెస్ట్ అంటే పాట పాడించుకుంటారా?’